ముక్కమ్మ కూతురికి పాచిక అక్కర్లేదు

అమ్మమ్మ ముక్కు చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. కొస కాస్త బంగాళాదుంపలా ఉంటుంది. ఆ మాట ఆమె ముందంటే వీపు విమానం మోత మోగుతుంది. అయినా ఐసు ఫ్యాక్టరీలో పాతికేళ్ళు ఆ ముక్కే రాజ్యమేలింది. అక్కడ నీళ్ళని గడ్డ కట్టించే అమ్మోనియా గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా సన్నగా కారితే కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఎక్కువైతే లోపలున్న మనిషి గుమ్మం దాకా కూడా రాలేడు. అమ్మమ్మ తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు ఎగబీల్చి, "ఆ మూల, కింది వాల్వు" అనేది. వెళ్ళి చూస్తే అక్కడే కారుతూ ఉండేది. జనం ఆమె అసలు పేరు మరిచిపోయి ముక్కమ్మ అన్నారు. ఆమె కోప్పడ్డట్టు నటించి, లోపల్లోపల మురిసిపోయేది.

ఉద్యోగం మానేశాక ఇంట్లో వీరుల ఆటకి పెద్ద అయి కూర్చుంది. సెలవు రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి అందరూ చుట్టూ చేరతారు. ఒక్కొక్కరూ ఒక్కో వీరుడై మాట్లాడతారు. ఒకరు కత్తి తిప్పుతారు, ఒకరు మంత్రం వేస్తారు. కథ నడిపేది అమ్మమ్మ. గుహలో ఏముందో ఆమె చెబుతుంది, తలపెట్టిన పని నెగ్గిందో లేదో ఇరవై మొహాల పాచిక చెబుతుంది. అమ్మమ్మకి మోకాళ్ళు నొప్పిగా ఉన్న రోజు రాక్షసులు ఎక్కువగా వస్తారు.

పిన్ని ఆడే వీరురాలు విషాన్ని ఆమడ దూరం నుంచి పసిగట్టేది. ఓ యుద్ధంలో అది కాస్తా చచ్చిపోయింది. పిన్ని రెండు రోజులు మొహం మాడ్చుకుని, ఆ వీరురాలి కూతురంటూ పొగపిల్ల అనే కొత్త వీరురాలిని తెచ్చింది.

"తల్లి శక్తి దీనికీ ఉంటుంది," అంది.

"ఎలా ఉంటుందే?" అన్నాడు మామయ్య. "నాన్న వడ్రంగి కదా, నేను ఉలి పట్టుకుని పుట్టానా? మొదట్నుంచీ నేర్చుకోమను. పాచిక వెయ్యి."

"మరి నాన్న బట్టతల నీకు రాలేదూ? పాచిక వేసి తెచ్చుకున్నావా?"

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. మామయ్య నెత్తి తడుముకున్నాడు.

అందరూ అమ్మమ్మ వైపు చూశారు. "కడుపున పుట్టింది కదరా, రాకుండా ఎక్కడికి పోతుంది?" అని తీర్పు చెప్పిందామె. "పొగపిల్ల వాసన చూడ్డానికి పాచిక అక్కర్లేదు."

పిన్ని అప్పుడే ఐసు ఫ్యాక్టరీలో అమ్మమ్మ పనిలో చేరింది. ఆ తీర్పు ఆట వరకేనా, ఫ్యాక్టరీకి కూడానా అని ఎవరూ అడగలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు, అంతే.

ఓ రోజు పిన్ని అన్నం డబ్బా మరిచిపోతే అమ్మమ్మ పట్టుకెళ్ళింది. కంప్రెసర్ గది తలుపు తీయగానే ఘాటు చెంప మీద కొట్టినట్టు తగిలింది. లోపల పిన్ని ఎర్రటి కళ్ళు తుడుచుకుంటూ పాట పాడుకుంటోంది.

"ఏమే, వాసన రావట్లేదూ?"

"ఏ వాసన? నువ్వు తెచ్చిన కూరదా?"

అమ్మమ్మ డబ్బా కింద పెట్టి సొరుగు లాగింది. పని మొదలెట్టే ముందు గంధకం వత్తి వెలిగించి గొట్టాల అతుకుల దగ్గరంతా తిప్పాలన్నది అక్కడి పద్ధతి. అమ్మోనియా కారుతున్న చోట ఆ పొగ చిక్కగా, తెల్లగా మారుతుంది. వత్తుల పెట్టెకి వేసిన కాగితం కూడా చింపలేదు. మీద దుమ్ము పేరుకుని ఉంది.

"ముక్కమ్మ కూతురికి వత్తులెందుకక్కా, దండగ!" అన్నాడు మేస్త్రీ గుమ్మంలోంచి. "మీ అమ్మాయి ఊఁ అంటే చాలు, మావాళ్ళు కళ్ళు మూసుకుని లోపలికెళ్ళిపోతారు."

అమ్మమ్మ వత్తి వెలిగించింది. పిన్ని కుర్చీ వెనకున్న వాల్వు దగ్గర తెల్లటి పొగ బుస్సుమంది. నట్టు బిగించాక గానీ తగ్గలేదు.

"ఇంత చిన్నవి వీరులకి ఆనవమ్మా," అంది పిన్ని కన్ను గీటి. "పెద్దదైతే పట్టేద్దును."

అమ్మమ్మ నవ్వలేదు. పక్క గది గోడకి ఇంకా ఉన్న ఇనప కొక్కేన్ని చూస్తూ ఉండిపోయింది. పిన్ని పసిపాపగా ఉన్నప్పుడు ఆమెకి ఉయ్యాల కట్టింది దానికే. అప్పట్లో అమ్మమ్మ గంటకోసారి గేటు అవతలికి పోయి గాలి పీల్చుకుని వచ్చేది. అందుకే ఆమె ముక్కు పదునుగా ఉండేది. ఉయ్యాల మాత్రం లోపలే ఉండేది. పాప ఎంత ఘాటుకీ ఏడ్చేది కాదు. నా బంగారు తల్లి, ఎంత గట్టిపిల్లో అని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆ పిల్ల పాలతో పాటు ఏం పీల్చిందో అమ్మమ్మకి ఇప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక, నీకు వాసన తెలియట్లేదే, వత్తి వెలిగించు అని ఎంత చెప్పినా పిన్ని వినలేదు. "నీ పేరు నాకు రాకూడదా ఏంటి? నీకు కుళ్ళు," అని బుగ్గ గిల్లింది.

సెలవు రోజున అమ్మమ్మ గుహని సిద్ధం చేసింది. పిన్నికి ఆ సాయంత్రం డ్యూటీ ఉంది కాబట్టి ఆట తొందరగా మొదలుపెట్టారు. గుహ వాకిట్లో వీరులందరూ పొగపిల్ల మాట కోసం ఆగారు.

"లోపల విషం ఉందో లేదో పాచిక వేసి చెప్పు," అంది అమ్మమ్మ.

"అదేంటి? అక్కర్లేదని నువ్వేగా అన్నావు!"

"అన్నాను. తప్పు తీర్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

"అన్యాయం!" అని పిల్లలు అరిచారు. ఎప్పుడూ పాచిక వెయ్యమని గోల పెట్టే మామయ్య కూడా, "పోనీలేమ్మా, పాపం," అన్నాడు.

పిన్ని పాచికని ఊది విసిరింది. అది బల్లంతా దొర్లి ఆగింది. ఇరవై పడింది. అంతకు మించి పడదు. పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు.

"చూశావా? పాచిక కూడా నా వైపే!" పిన్ని లేచి, నీళ్ళసీసా నింపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి శబ్దం, ఆమె కూనిరాగం వినిపిస్తున్నాయి.

అంతలో మామయ్య ముక్కు చిట్లించాడు. పిల్లలొకరి తర్వాత ఒకరు ముక్కులు మూసుకున్నారు. పొయ్యి మీద మూతపెట్టిన కూర అడుగంటి మాడిపోతోంది. కంపు ముందుగది దాకా వచ్చేసింది. ఎవరూ లేవలేదు. వంటింట్లో కూనిరాగం ఆగలేదు.

పిన్ని సీసా మూత బిగిస్తూ వచ్చింది. "ఏంటలా చూస్తున్నారు? ఇరవై పడితే దెయ్యాన్ని చూసినట్టు చూడాలా?"

"పొయ్యి ఆపావా తల్లీ?" అంది అమ్మమ్మ.

పిన్ని లోపలికి పరిగెత్తింది. మూత కిందపడ్డ చప్పుడు వినిపించింది. బయటికొచ్చేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను దాని పక్కనే నిలబడ్డానమ్మా," అంది.

అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడే ఫోను మోగింది. మేస్త్రీ.

"పెద్ద యంత్రం శుభ్రం చెయ్యాలి, మావాళ్ళు లోపలికి దిగుతున్నారమ్మాయ్. నిన్న నువ్వు చూసి బాగుందన్నావుగా?"

"వద్దు, ఆపండి!" పిన్ని గొంతు కీచుగా వచ్చింది. "ఎవర్నీ దిగనివ్వొద్దు. నాకు వాసన తెలీదు. నాకెప్పుడూ తెలీలేదు."

అవతల మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఒరేయ్, విన్నార్రా? ముక్కమ్మ కూతురికి వాసన తెలీదట!" వెనకాల చాలా గొంతులు కలిసి నవ్వాయి. ఆ నవ్వులు యంత్రాల హోరులోకి నడుచుకుంటూ వెళ్ళిపోతున్నట్టు వినిపించాయి. ఫోను కట్టయింది.

మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మామయ్య ఇంకా చేస్తూనే ఉన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా తల్లీకూతుళ్ళిద్దరూ అప్పటికే వీధి మలుపు తిరిగారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, అమ్మమ్మే ముందుంది.