దండెం మీది గౌను

మాదాపూర్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో నాకు నడక అలవాటైంది. అలవాటైందనేకంటే డాక్టరు అంటగట్టాడనడమే నిజం. మావారు కరెంటాఫీసులో ఉద్యోగి. బదిలీ మీద కాకినాడ నుంచి వచ్చాం. మా అబ్బాయి అప్పటికే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. మావారు టిఫిను తిని ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో నేనొక్కదాన్నే. కాన్వాసు బూట్లు తొడుక్కుని, చీర కొంగు బొడ్లో దోపుకుని, కొండాపూర్ వైపు మట్టిరోడ్డు పట్టేదాన్ని.

ఆ రోజుల్లో అటువైపు కనపడేవన్నీ వింతలే. నాలుగు వైపులా ఖాళీగా ఉన్న చోట నడిమధ్య ఒక ఇనుప గేటు, దానికో పెద్ద తాళం. గోడ లేదు. గేటు పక్కనుంచి మేకలు వచ్చేవి, పోయేవి. ఇంకొంచెం ముందుకెళ్తే ముళ్లచెట్ల మధ్య ఒక బోర్డు, 'ఈ స్థలము అమ్మబడదు' అని. ఎవరడిగారు కనక అనుకునేదాన్ని. కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ దగ్గర ఒక పొట్టేలు అద్దంలో తన నీడను చూసి కుమ్మడానికి వచ్చేదట. దాన్ని తోలడానికి వాచ్‌మన్ చేతిలో ప్రత్యేకంగా ఒక కర్ర ఉండేది. ఇవన్నీ సాయంత్రం మావారికి చెప్తే నవ్వేవారు.

నవ్వు రానిది ఒక్కటే. గుట్ట పక్కన ఒంటరిగా ఉన్న రేకుల గది. దాని ముందు రెండు కర్రలు పాతి కట్టిన దండెం. దాని మీద ఒక ఎర్రచీర, ఒక నీలం లుంగీ, ఒక పసుపుపచ్చ గౌను.

మొదట్లో పట్టించుకోలేదు. కొన్నాళ్లకు అనిపించింది, ఎప్పుడు చూసినా ఇవే బట్టలేమిటని. ఆ తర్వాత ఇంకోటి గమనించాను. ఉతికి ఆరేసిన బట్టల కింద నేల తడిగా ఉంటుంది కదా. అక్కడ దుమ్ము పొడిపొడిగా ఉండేది. చీర రోజుకో చోట వేలాడేది గానీ, లుంగీ, గౌను మాత్రం రోజూ ఒకే చోట ఉండేవి. గది గుమ్మంలో ఒకావిడ కూర్చుని ఉండేది. నలభై ఏళ్లుంటాయేమో. ఒక కాలు చాపుకుని కూర్చునేది. మగమనిషి జాడ లేదు. పిల్ల గొంతు ఒక్కనాడూ వినపడలేదు.

తొలకరి వాన పడిన పూట నా అనుమానం ముదిరింది. నేను ఒక బండ చాటున నిలబడ్డాను. దూరాన గుడిసెల్లో ఆడవాళ్లందరూ కేకలేసుకుంటూ ఉరికి బట్టలు లాక్కున్నారు. ఈవిడ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. బట్టలు వానలో నాని, నీళ్లు కారుతూ అలాగే వేలాడాయి. సొంత బిడ్డ గౌను అలా వదిలేసే తల్లి ఉంటుందా?

రాత్రి అన్నాలప్పుడు మావారితో అన్నాను. "ఏవండీ, ఆ గదిలో ఎవరో పిల్లను దాచి ఉంచారనిపిస్తోంది."

"గౌను కనపడిందనా, పిల్ల కనపడలేదనా?"

"రెండూనండీ."

"నీకు షుగరు తగ్గడానికి నడవమన్నాడు డాక్టరు. పోలీసు డ్యూటీ చెయ్యమనలేదు," అని మజ్జిగ పోసుకున్నారు.

కింది వాటాలో మా ఇంటి ఓనరమ్మ ఉండేది. ఆ ఊరి మనిషి, పెద్దావిడ. ఆమెతో చెప్తే నవ్వలేదు. చేస్తున్న పని ఆపి నావైపు చూసింది.

"ఎందుకు పోతవు బిడ్డా గా గుట్టల దిక్కు? అక్కడంత భూముల లొల్లి. ఎవ్వలది ఎవ్వలదో తెల్వదు. నడిచేదుంటే గుడి దాకా పోయి రా."

భయపెడుతోందనుకున్నాను, ఆవిడకేదో తెలిసే దాస్తోందని కూడా అనుకున్నాను. అప్పటికి నా మనసు అలా తయారైంది. మర్నాటి నుంచి దారి మార్చి, గదికి వెనకవైపునుంచి వెళ్లడం మొదలుపెట్టాను. కిటికీ ఉందేమోనని. లేదు. నేనెటునుంచి వచ్చినా ఆవిడ మెడ తిప్పి నన్నే చూసేది.

ఒకరోజు నా వెనక స్కూటరు చప్పుడు వినిపించింది. దాటి పోతుందని పక్కకు తప్పుకున్నాను. పోలేదు. నా నడకతో సమానంగా నడిపిస్తున్నాడు. తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు.

"అమ్మా, మీరు ఏ పార్టీ?" అనడిగాడు.

ఎన్నికల మనిషనుకున్నాను. "మేం ఏ పార్టీ కాదండి. గవర్నమెంటు ఉద్యోగులం," అన్నాను.

అతను టక్కున స్కూటరు ఆపాడు. "గవర్నమెంటా? ఏ ఆఫీసు? కొలతలకు వచ్చిండ్రా?"

"కొలతలేంటండీ? నేను వాకింగుకి వచ్చాను."

"వాకింగు," అని ఆ మాటను తిప్పి అని, నా బూట్ల వంక చూశాడు. "మంచిది. జర చూసుకుని నడువుండ్రి. పాములుంటయ్."

అతను వెళ్లిపోగానే వెనుదిరిగి ఇంటిదారి పట్టాను. భూముల బేరాల్లో పార్టీ అంటే జాగా తమదనే పక్షమని నాకు తెలియదు. మావారు చెప్పాకే తెలిసింది. రెండ్రోజులకు ఓనరమ్మ పైకి వచ్చింది. ఎవరో వచ్చి, పైన కిరాయికున్నవాళ్లెవరు, ఏ ఊరు, సారుది ఏం కొలువు అని అడిగిపోయారట. అలా చెప్తూ ఆవిడ నా ఇల్లంతా కలియజూసింది. నేను ఎవరినన్నది ఆవిడకూ అనుమానంగానే ఉందని అప్పుడర్థమైంది.

"ఇంక ఆ వైపు వెళ్లొద్దు," అన్నారు మావారు. ఈసారి నవ్వలేదు.

కొన్నాళ్లు మానేశాను. వీధి చివర గుడిదాకా వెళ్లి వచ్చేదాన్ని. గుళ్లో కూర్చున్నా ఆ పసుపు గౌనే కళ్లముందు. ఆ గదిలో నిజంగానే ఒక పిల్ల ఉంటే? చూసి కూడా ఊరుకున్నదాన్ని నేనొక్కదాన్నే అవుతానేమో? ఒక ఉదయం మావారు బస్సెక్కగానే బూట్లు తొడుక్కుని తిన్నగా ఆ గది దగ్గరికే వెళ్లాను.

"కాసిని మంచినీళ్లిస్తారా?" అన్నాను.

ఆవిడ లేవలేదు. "నీళ్లకు రాలే నువ్వు," అంది. "రోజు గీడనే చూస్తవు. ఎవ్వలు పంపిండ్రు నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా. పిల్లేదీ?"

"ఏ పిల్ల?"

"ఆ గౌను ఎవరిది మరి?"

ఆవిడ దండెం వైపు చూసింది, నావైపు చూసింది. ఫక్కున నవ్వింది. నవ్వి, మళ్లీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "గీ గౌను కోసమా నువ్వు నా ఎంబడి పడ్డది? రా. లోపలికొచ్చి చూడు."

లోపల ఒక చాప, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక రేకుపెట్టె, మూలన నీళ్లకుండ. అంతే. పిల్లను దాచడానికి చోటే లేదు.

అప్పుడు చెప్పింది. ఆమెది పాలమూరు దిక్కు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అద్దాల మేడ కడుతుంటే రాళ్లు మోయడానికి వచ్చింది. కాలిమీద రాయి పడింది. కుంటుకుంటూ ఉంటే ఎవరో సారు ఈ గదిలో ఉండమన్నాడు. జాగా తనదేనని, సంసారం ఉన్నట్టు కనపడితే అవతలివాళ్లు రారని చెప్పి, లుంగీ, గౌను ఆయనే కొనిచ్చాడు.

"ఒంటి ఆడిదుంటే బయటికి గుంజి పారేస్తరంట. మొగోడు, పిల్ల ఉంటే భయపడతరంట. పొద్దుగాల ఆరేయాలె, పొద్దుమీకి తీయాలె. గిదే నా పని. ఎవ్వలన్న వచ్చి చూస్తే సారు మనిషి, గా స్కూటరాయనకు చెప్పాలె. నీ గురించి చెప్పింది గూడ నేనే."

నీళ్ల చెంబు నా చేతికిచ్చింది. నేను తాగడానికి ఒక క్షణం తటపటాయించాను. ఆవిడది గమనించి, చెంబు వెనక్కి తీసుకుని తను ఒక గుక్క తాగి మళ్లీ ఇచ్చింది. సిగ్గేసింది. ఎత్తిపోసుకుని తాగేశాను.

ఆ తర్వాత రోజూ పలకరించుకునేవాళ్లం. ఆవిడ కథంతా నేను నమ్మానా అంటే, ముప్పాతిక వంతు నమ్మాను. సారు పేరడిగితే చెప్పేది కాదు. అయినా ఒకరోజు ఉండబట్టలేక అన్నాను, "వాన వస్తే బట్టలు తియ్యాలమ్మా. అప్పుడప్పుడు తడిపి ఆరెయ్యాలి. ఒకే లుంగీ రోజూ అయితే నాలాంటి వాళ్లెవరైనా పట్టేస్తారు." ఆవిడ నోరు తెరుచుకుని విన్నది. మర్నాడు మావారి పాత గళ్లచొక్కా ఒకటి తీసుకెళ్లి ఇచ్చాను.

ఆదివారం మావారు, "నీ గుట్టలేంటో నేనూ చూస్తాను పద," అన్నారు. వద్దంటే అనుమానం, పదమంటే ప్రమాదం. వెళ్లాం. పొట్టేలును చూపించాను, గోడ లేని గేటు చూపించాను. రేకుల గది దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయారు.

"ఆ చొక్కా నాది కాదూ?"

నేను అటు చూడకుండా ముందుకు నడవబోయాను.

"జేబు మీద సిరా మరక కూడా ఉంది. నా చొక్కా ఇక్కడ ఎందుకు ఆరుతోంది?"

అదే సమయానికి ఆ మహాతల్లి గుమ్మంలోంచి, "సారు వచ్చిండా? కూసో సారూ," అని నవ్వుతూ పిలిచింది. ఆయన ముఖం చూడాలి! నాకంటే ముందే గబగబా ఇంటికి నడిచారు. వచ్చాక మొత్తం చెప్పించుకున్నారు. నమ్మారో లేదో తెలియదు. "గవర్నమెంటు ఉద్యోగి చొక్కా పెట్టి కబ్జా చేయిస్తున్నావా?" అని మాత్రం అన్నారు. తెల్లారి ఆయనే గుర్తుచేశారు, ఆ చొక్కా వెనక్కి తెమ్మని.

తేవడానికి వెళ్లాను. దండెం లేదు, దాని మీది బట్టలూ లేవు. కర్రలు విరిగి పడి ఉన్నాయి. గది మీద రేకులు లేవు. తలుపూ లేదు. ఆవిడ రోడ్డు పక్కన రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూడగానే లేవబోయి మళ్లీ కూర్చుంది.

"నిన్న పొద్దుమీకి వచ్చిండ్రు," అంది. "జీపుల."

"కొట్టారా?"

"కొట్టలే. బట్టలు చూసి ముందుగాల్ల ఆగిండ్రు. నీ మొగడేడి అంటే పనికి పోయిండన్న. బిడ్డేది అంటే ఆడుకోనీకి పోయిందన్న. ఒకడు లోపలికి పోయి గిన్నెలు చూసిండు. ఒక్కటే కంచం ఉన్నది. 'ముగ్గురు గీ ఒక్క కంచంల తింటరా' అన్నడు. ఏం చెప్పాల్నో తెల్వలే."

మీ సారుకు కబురు పెట్టావా అంటే, పెట్టాననీ, రాలేదనీ, ఇక రాడనీ అంది. చొక్కా తెచ్చుకుందామని వచ్చిన నేను పెట్టె ఒక పక్క పట్టుకున్నాను. ఆవిడ కుంటుతూ రెండో పక్క పట్టుకుంది. దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. స్కూటరు చప్పుడైతే చాలు, పెట్టెతో సహా పక్కకు జరిగేదాన్ని.

ఓనరమ్మ గేటు దగ్గరే ఆపేసింది. "ఎవ్వలామె? ఏడికెళ్లి తెచ్చినవు?"

చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ ఆవిడ నన్ను వదిలి పెట్టెనే చూస్తోంది. అది గ్రహించి పాలమూరు ఆవిడే పెట్టె తెరిచి కింద పరిచింది. రెండు చీరలు, ఒక దుప్పటి, ఆ కంచం. ఓనరమ్మ వంగి దుప్పటి మడత కూడా విప్పి చూసింది. చూసి నిటారుగా నిలబడి, "తిన్నవా?" అనడిగింది. లేదంది ఆవిడ. "ఇగ లోపలికి రా. ఫికర్ చెయ్యకు. మెట్ల కింద పండు."

మెట్ల కింద కొద్దిరోజులు ఉంది. రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి, జొన్నరొట్టెలు చేసేది. ఆ రొట్టెలు తిన్నాకే ఓనరమ్మకు నమ్మకం కుదిరింది. ఆఫీసు కుర్రాళ్ల కోసం కొత్తగా మెస్సు పెట్టినవాళ్లు ఆమెకు తెలిసినవాళ్లు ఉంటే, అక్కడ రొట్టెల పనికి కుదిర్చింది. నేను ఒకసారి వెళ్లి చూశాను. పొయ్యి ముందు ఎత్తుపీట వేసుకుని, కాలు చాపుకుని, చేతుల మధ్య రొట్టె తడుతోంది. "తిని పో అమ్మా," అని ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ పూట ఆవిడ ముఖంలో మునుపటిలా మెడ తిప్పి తిప్పి చూసే బెదురు చూపు లేదు.

ఇంతకీ ఆ జాగా ఎవరిదని ఓనరమ్మను అడిగాను. "ఇద్దరిది గాదంటరు," అంది. అంతకుమించి ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

చలికాలం వచ్చేసరికి గుట్ట పక్క మళ్లీ ఒక గది లేచింది, ఈసారి ఇటుకలతో. దాని ముందు మంచం మీద ఒక మగమనిషి పడుకుని ఉన్నాడు. ఒకావిడ బియ్యం చెరుగుతోంది. ఇద్దరు పిల్లలు మట్టిలో ఆడుతున్నారు. నేను రోడ్డు మీదే ఆగి చాలాసేపు చూశాను. ఆ పిల్లలు వాళ్ల పిల్లలేనా? ఆ మొగుడు ఆవిడ మొగుడేనా? పోలికలు వెతికాను. ఏమీ తేల్చుకోలేకపోయాను. అంతలో చిన్నది బండ మీంచి జారి మోకాలు కొట్టుకుపోయి గుక్కపట్టి ఏడ్చింది. చేట పక్కన పడేసి ఆవిడ పరుగెత్తింది. మంచం మీదివాడు చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె కంటే ముందే అందుకున్నాడు. పిల్లను భుజానికెత్తుకుని ఊదుతూ, రోడ్డు మీద నిలబడ్డ నన్ను అప్పుడు చూశాడు.

"ఏందమ్మా? ఎవ్వలు గావాలె?" అన్నాడు.

"ఎవరూ అక్కర్లేదు బాబూ. నడుస్తున్నాను," అని ముందుకు సాగాను.