పాటలు మాగబెట్టింది మా అన్న కాదు

మంగళవారం, ఉదయం ఏడు గంటలు.

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు చాయ్ వడపోస్తున్నాను. "అవ్వా, పెద్దతాత లేడు" అన్నాడు మా మనవడు.

ఎక్కడికి పోయాడని అడిగాను.

తొంభై ఏడేళ్ల మనిషి గురించి అడిగే ప్రశ్న కాదది. అయినా నోట్లోంచి అదే వచ్చింది.

మా అన్న భూంరెడ్డి ఇక లేడు.

నిన్న సాయంత్రం మన ఫ్యామిలీ గ్రూప్‌లో పిల్లలు ఆయన ఫోటో పెట్టి, కింద "పాటలు మాగబెట్టిన తాత" అని రాశారు. ప్రతి పెండ్లిలో చెప్పుకుని నవ్వే కథే. ప్రేమతోనే రాశారు, తెలుసు.

కానీ ఆ కథలో రెండు తప్పులున్నాయి. గ్రామఫోన్ ప్లేట్లు ఇరవై కాదు, ఏడు. రెండో తప్పు పెద్దది. దాన్ని దిద్దడానికే ఈ పోస్ట్. మనవరాలు టైప్ చేస్తోంది. ఒక్క మాట మార్చొద్దని చెప్పాను.

తెలియనివాళ్ల కోసం మొదటినుంచి చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. మేము కామారెడ్డిలో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు, అన్నకు పద్నాలుగు. ఇంట్లో కీ ఇచ్చే గ్రామఫోన్ పెట్టె ఒకటి ఉండేది. పేరుకు బాపుది, పని అంతా అన్నది.

ఆ పెట్టెను అన్న చూసుకున్నట్టు నేను నా పిల్లల్ని కూడా చూసుకోలేదేమో. పాత ధోవతి ముక్కతో ప్లేటు తుడిచేవాడు, ఎప్పుడూ గుండ్రంగానే, అడ్డంగా తుడవడు. జేబులో ఒక స్క్రూడ్రైవరు, కుట్టుమిషన్ నూనె సీసా. యుద్ధం వల్ల ప్లేటుమీద ఆనే ఇనుప ముళ్లు దొరకకపోతే, ఎండిన తుమ్మముళ్లు ఏరి, బ్లేడుతో చెక్కి పెట్టేవాడు. ఒక ముల్లు ఒక వైపు పాటకే వచ్చేది. తరువాత మళ్లీ చెక్కాలి. విసుగు అనేది లేదు ఆయనకు.

ఆ ఎండాకాలం ఎల్లారెడ్డిలో మా మేనత్త బిడ్డ పెండ్లి. "అల్లుడు పెట్టె తేవాలె, మా ఇంట్ల పాట మోగాలె" అని అత్తమ్మ కబురు పంపింది. అన్న వారం రోజులు నేలమీద నడవలేదు.

బయలుదేరే ముందు అన్న ఎడ్లబండికి కందెన పెట్టడానికి పోతూ, ప్లేట్లు జాగ్రత్తగా సర్దమని నాకు చెప్పాడు. కుదుపులకు పగులుతాయని నా భయం. మెత్తగా ఉండేది ఏదని ఆలోచించాను. పెండ్లికి తీసుకుపోయే మామిడికాయలు రెండు రోజులుగా గంపలో, వరిగడ్డిలో మాగుతున్నాయి.

ఏడు ప్లేట్లనూ ఆ గడ్డిలోనే, కాయల మధ్య దోపాను. పైన గోనెసంచి కప్పి గట్టిగా కట్టాను.

గడ్డిలో వేడి పుడుతుందని మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. అందుకే కదా కాయలు పండేది. ప్లేట్లు లక్కతో చేస్తారని, లక్క వేడికి మెత్తబడుతుందని కూడా నాకు తెలుసు. రెండింటినీ కలిపి ఆలోచించలేదు, అంతే.

పైన ఎండ, లోపల గడ్డి. బండి ఎల్లారెడ్డి చేరేసరికి కాయలు పండాయి. ప్లేట్లు అప్పడాల్లా వంగిపోయాయి.

పందిట్లో అందరి ముందూ గంప విప్పారు.

"గడ్డిల ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు బాపు.

నేను అమ్మ కొంగు వెనుక ఉన్నాను. అన్న నా వైపు చూశాడు. ఒక్కసారే.

"నేనే బాపు."

"మామిడికాయలనుకున్నవా? అకల్ ఉన్నదార నీకు?"

"పాటలు మాగబెట్టిండు పోరడు!" అని ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది. ఆ పేరు ఆ రోజు అంటుకుంది.

మరునాడు అన్న ఏం చేశాడో ఎవరూ చెప్పరు. అత్తమ్మ వాకిట్లో షాబాద్ బండలున్నాయి. ఎండకు కాలిన బండమీద ఒక్కొక్క ప్లేటు పరిచి, పైన ఇంకో బండ మోపి, పొద్దు గుంకి చల్లారేదాకా పక్కనే కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. ఏడింటిలో మూడు కాస్త సాపయ్యాయి.

దీపాలు పెట్టే వేళకు పాట మోగింది. ముల్లు పడవలా లేస్తూ పడుతూ ఉంది.

"ఏంది బిడ్డా, గీ పాడెటాయన ఉయ్యాల ఊగుకుంట పాడుతుండా?" అంది అత్తమ్మ. "ఊగనియ్యి. ఇంకోటి పెట్టు."

అయినా బాపు ఊరుకోలేదు. ఇంటికి రాగానే పెట్టెను సందుకలో పెట్టి తాళం వేశాడు. ఏడాది. అన్న ఆ ఏడాదంతా బజారులో ఒక చాయ్ హోటల్ బయట నిలబడి పాటలు విన్నాడు. ఇంట్లో నేను కడుపునిండా తిని పడుకున్నాను.

తరువాత పొలం గట్టుమీద ట్రాన్సిస్టర్, ఆపై క్యాసెట్లు, చివరికి మనవడిచ్చిన బ్లూటూత్ స్పీకర్. ఏది వచ్చినా ముందు విప్పి చూసి, తరువాత వినేవాడు.

నేను టీచర్‌నయ్యాను. అబద్ధం ఆడిన పిల్లలతో ముప్పై ఏళ్లు గోడకుర్చీ వేయించాను. ఒకసారి ఉండబట్టలేక, "అన్నా, అందరికీ చెప్పేస్తా" అన్నాను.

"ఊకో చెల్లె. నువ్వు టీచరమ్మవు, మంది నవ్వితే నీ మాట పిల్లలు ఇంటరా? నాకేం పోయింది, పాటతోని పేరొచ్చింది."

ఊరుకున్నాను. అది ఆయన మంచితనం. నా పిరికితనం.

ఇక జరగవలసినవి:

1. గ్రూప్‌లో ఆ పోస్ట్ తీసేయొద్దు. దాని కింద "గడ్డిలో పెట్టింది చెల్లె సుశీల" అని రాయండి.

2. పదోరోజు కామారెడ్డిలో అందరూ కూడినప్పుడు ఈ సంగతి నేనే చెబుతాను. మధ్యలో ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

3. ఆయన పెట్టెను అద్దాల బీరువాలో బొమ్మలా పెట్టొద్దు. నెలకొకసారి కీ ఇచ్చి మోగించండి. స్ప్రింగు చివరిదాకా బిగించొద్దు.

4. నవ్వు వస్తే ఆపుకోవద్దు. ఈసారి నన్ను చూసి నవ్వండి.

5. అన్నా, ఎనభై ఏండ్లు నా తప్పు మోసినవ్. ఇగ దించుకో. నిమ్మళంగ పండుకో.