ట్యాంకులోకి దిగనన్న రోజు

తొంభైల మొదట్లో నేను ఖురియాత్‌లో ఒక చిన్న కంపెనీలో కూలి పని చేసేవాణ్ణి. పదో తరగతి తప్పి ఒమాన్ వచ్చినవాణ్ణి. బళ్లో "ఎందుకు సార్" అని అడిగి బెంచీ ఎక్కిన రోజులు చాలానే ఉన్నాయి. ఇక్కడికి వచ్చినా ఆ నోరు మారలేదు. అందుకే రూమ్‌లో నన్ను వకీలు అనేవారు. ఆ పేరు పెట్టింది మా పక్క ఊరి ఆయన. చుట్టరికం లేకపోయినా బావా అని పిలిచేవాణ్ణి. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే ఆయన గర్వం. "మనం అచ్చింది పని చేసెతందుకు, అడిగెతందుకు కాదు," అనేవాడు.

ఆ వేసవిలో ఒక ఇంటి కింద నీళ్ల ట్యాంకు కట్టాం. పైకప్పు పోశాక దానికి లోపల ఆసరాగా కొట్టిన చెక్కలు విప్పాలి. మనిషి దూరేంత కంత తప్ప వేరే దారి లేదు. అడుగున ఊట చేరుతుంటే పెట్రోలుతో నడిచే నీళ్ల పంపును లోపలే పెట్టి తోడేవారు. మొదటిసారి దిగినప్పుడు తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది, పైకొచ్చి వాంతి చేసుకున్నాను. ఎండ అనుకున్నాను. కానీ ట్యాంకులో ఎండ ఎక్కడిది? మర్నాడు పొద్దున పంపు వేయకముందే దిగి చాలాసేపు పని చేశాను. ఏమీ కాలేదు. పంపు వేసిన కాసేపటికే కాళ్లు తేలిపోయాయి. నాతో దిగినవాణ్ణి అడిగితే తనకూ అంతేనన్నాడు.

ఫోర్మన్ మా జిల్లావాడే. వెళ్లి చెప్పాను.

"అన్నా, పంపు పొగ లోపల్నే తిరుగుతాంది. పంపు పైన పెట్టి పైపు లోపలికి ఇడుద్దాం."

"పైపు పొట్టిది."

"పొడుగుది తెప్పియ్యన్నా."

"నువ్వేమన్న ఇంజినీరువా? దిగుతవా, దిగవా?"

"పంపు బందు జేస్తే దిగుత."

ఆయన కోపపడలేదు. పని ఆపించి అందరినీ పిలిచాడు. నన్ను ఎండలో కంత పక్కన నిలబెట్టాడు. "సూడుండ్రి, సారుకు పొగ పడ్తలేదట. సారు పని మీరు పంచుకోండ్రి," అన్నాడు. అందరూ నవ్వారు. బావ అందరికన్నా గట్టిగా నవ్వి, "వకీలుకు పానం తీపైంది," అంటూ చొక్కా విప్పాడు.

"బావా, దిగకు. నిజంగనే చెప్తున్న."

"నీ అసొంటోళ్లతోటి కంపెనీలు నడుస్తయారా?" అని నా ముఖం కూడా చూడకుండా దిగిపోయాడు.

కొంతసేపు సుత్తి చప్పుడు వినిపించి ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. "పండుకున్నట్టున్నడు," అన్నాడు ఫోర్మన్. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగాను. పంపు ఆపాను. బావ గోడకు ఒరిగి, నడుము దాకా నీళ్లలో ఉన్నాడు. ముఖం నిద్రలో ఉన్న పెళ్లికొడుకు ముఖంలా ఎర్రగా నిగనిగలాడుతోంది. తాడు విప్పి ఆయన చంకల కింద బిగించాను. పైవాళ్లు లాగారు. మళ్లీ తాడు వేసి నన్నూ పైకి లాగారు.

ఆయన చావలేదు. ఆస్పత్రిలో కళ్లు తెరిచాడు కానీ నన్ను గుర్తుపట్టలేదు. చేతిలో చెంచా పెడితే దానితో ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూశాడు.

మా యజమానిని అర్బాబ్ అనేవాళ్లం. ఆయన నన్నూ ఫోర్మన్‌నూ పిలిపించాడు. మా మాటలు అరబ్బీలో చెప్పడానికి కడప నుంచి వచ్చిన డ్రైవర్ ఉన్నాడు. "సచ్ బోల్ భయ్, డరో నక్కో," అన్నాడు నా చెవిలో, భయపడకుండా నిజం చెప్పమని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోర్మన్ కూడా అబద్ధం ఆడలేదు. "ఈయన దిగనన్నడు. ఈయన డ్యూటీకి ఆయన దిగిండు," అన్నాడు. అర్బాబ్‌కు ఆ మాట నచ్చింది, తప్పు కంపెనీది కాకుండా నాదైంది. నన్ను అల్ సువైక్‌లో ఖర్జూరం తోటకు మార్చారు.

నేను సామాను సర్దుకుంటున్న రోజునే మస్కట్‌లోని రూవి నుంచి పొడుగు పైపు వచ్చింది. పంపు పైన పెట్టి మిగిలిన చెక్కలు విప్పారు. ఎవరికీ తలనొప్పి రాలేదు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. రూమ్‌లో నేను అన్నానికి కూర్చుంటే మిగతావాళ్లు పళ్లాలు తీసుకుని మంచాల మీదికి పోయారు.

సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు బావ ఇంటికి వెళ్లాను. ఆయన్ని అప్పటికే కంపెనీ ఇంటికి పంపేసింది. ఆయన భార్య ఆయనకు జావ తాగిస్తోంది. సగం గడ్డం మీద కారుతోంది.

"దిగితే పానం పోతదని నీకు ఎరికేనా?" అడిగింది నన్ను చూడకుండానే.

"ఎరికే అక్కా. బావకు గూడ చెప్పిన, దిగకని. ఇనలే."

"ఇనడని నీకు ఎరుక లేదా? ఒక్క రూమ్ల పన్నోడివి. చెయ్యి పట్టి గుంజకపోతివి? నీ తెలివి నీకే అక్కెరకొచ్చింది."

ఫోర్మన్‌ను ఆమె ఒక్క మాట అనలేదు. ఎందుకో బయటికి వచ్చాక తెలిసింది. ఆమె తమ్ముడికి అతనే వీసా పంపించాడు, అదే కంపెనీకి. తమ్ముడు వాకిట్లో కొత్త పెట్టెకు తాడు బిగిస్తున్నాడు.

"అక్కడ నీళ్లు తోడే పెట్రోలు పంపు ఉంటది తమ్మీ," అని మొదలుపెట్టాను.

అతను తలెత్తలేదు. "నువ్వు చెప్పేటియి ఇనొద్దన్నడు ఫోర్మన్," అని ముడి బిగించాడు.