తల్లి వైపు పేజీ

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం రేసు గుర్రాల వంశవృక్షాలు టైపు చేయడం. చిలకలగూడలోని మా ఇంట్లో తాతకు తండ్రి పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. నేను మాత్రం ఐర్లండులో పుట్టి అక్కడే చచ్చిన గుర్రాల ముత్తవ్వల పేర్లు తడుముకోకుండా చెప్పేవాణ్ని. పెళ్లిచూపుల్లో పనికొచ్చే విద్య కాదు.

ఉద్యోగం ఇప్పించింది మా మేనమామ. బోయిన్‌పల్లి దాటాక, రేసు గుర్రాల్ని పుట్టించి అమ్మే ఒక చిన్న స్టడ్ ఫారంలో పాతికేళ్లుగా గుర్రాలను చూసుకునేవాడు. యజమాని మిలిటరీలో రిటైరైన కర్నల్. పిల్లల్ని కనే గుర్రాలు ఆరే ఉండేవి. వాటిలో ముసలిది మామ చేతుల మీద పుట్టింది. దాని పిల్లలు మూడు వరసగా రేసుల్లో చివరన వచ్చాయి.

"ఈసారి దీని పిల్ల వేలంలో అమ్ముడుపోతే తల్లి ఇక్కడుంటుంది. పోకపోతే తల్లినీ పంపించేస్తా. ఊరికే కూర్చోబెట్టి మేపడానికి ఇదేమన్నా మా అత్తగారా?" అన్నాడు కర్నల్. అత్తగారు అప్పుడు పక్క గదిలో టీ తాగుతున్నారు.

మామ బయటికొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "అల్లుడా, గా పిల్ల పేజీ జెర మంచిగ రాయిరా. దానికి నువ్వే దిక్కు."

అంతవరకు నన్ను దిక్కు అన్నవాళ్లు లేరు. దిక్కుమాలినవాడు అన్నవాళ్లు ఉన్నారు.

వేలానికొచ్చే ప్రతి పిల్లకూ క్యాటలాగులో ఒక పేజీ ఉంటుంది. పైన తండ్రి, దాని కింద తల్లి, తల్లికి తల్లి, ఆమెకు తల్లి. పెద్ద రేసులు గెలిచిన చుట్టాల పేర్లు లావు అక్షరాల్లో వేస్తారు. లావు అక్షరాలు కనిపించకపోతే కొనేవాళ్లు పేజీ తిప్పేస్తారు. మా పిల్ల చుట్టాలందరూ సన్నవాళ్లే.

రెండు వారాలు పాత రికార్డులు తవ్వితే ఒక సంగతి బయటపడింది. మా పిల్ల తండ్రికే పుట్టిన ఇంకో గుర్రం బొంబాయిలో పెద్ద కప్పు గెలిచింది. తండ్రి ఒకడే కదా అని, కప్పు గెలిచిన గుర్రానికి మా పిల్ల చెల్లెలని లావు అక్షరాల్లో టైపు కొట్టేశాను. మా ఇళ్లలో ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది, కోపం కూడా తండ్రిదే. చెల్లెలు కావడానికి ఇంకేం కావాలి? కర్నల్ ఆ వారం పంటినొప్పితో బుగ్గ పట్టుకుని, చదవకుండానే సంతకం పెట్టాడు.

అచ్చయి వచ్చిన పేజీ చూసి పంటినొప్పి మర్చిపోయాడు.

"గుర్రాల్లో తండ్రి లెక్కలోకి రాడు బాబూ. ఒక్కో స్టాలియన్‌కి ఏడాదికి నలభై మంది పుడతారు. వాళ్లంతా అన్నాచెల్లెళ్లయితే దేశంలో సగం గుర్రాలకు రాఖీలు కట్టాలి. తల్లి ఒకతైతేనే తోబుట్టువులు." మళ్లీ బుగ్గ పట్టుకుని, "ఇక మార్చలేం. పిల్ల బరిలోకి రాగానే వేలంవాళ్లు ఇది తప్పని అందరి ముందూ చదువుతారు" అన్నాడు.

మామతో చెప్పడానికి కొట్టంలోకి వెళ్లాను. ఆయన ముసలిదాని వీపు రుద్దుతున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మరి తల్లి దిక్కు చూసినవా?"

"చూశా మామా. అన్నీ చిన్న రేసులే."

"ఎప్పుడు గెల్చినయ్ అవి?"

కాగితాలు తీసి చూశాను. పిన్ని, పెద్దమ్మ, అమ్మమ్మ, అన్నీ హైదరాబాద్‌లోనే, అన్నీ వానాకాలంలోనే.

"గంతే. వాన పడి నేల మెత్తగైతే ఉరుకుతయ్. చలికాలం గట్టి నేల మీద కాళ్లు నొచ్చి ఆగిపోతయ్. దీని పిల్లల్ని కొన్నోళ్లు మూడిట్నీ చలికాలమే ఉరికిచ్చిండ్రు."

ఐదు తరాల వెనక తల్లి ఐర్లండు చిత్తడి నేలల నుంచి ఓడెక్కి వచ్చింది. పేజీలో లావుగా ఉండాల్సింది ఈ వాన సంగతే.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం మామా?"

"డిగ్రీ చదివినవ్ గదరా. తెలుసనుకున్న."

వేలం రోజు వానాకాలం గెలుపులన్నీ ఒక కాగితం మీద టైపు చేసుకుని, హైదరాబాద్‌లోనే రేసు గుర్రాలు కొని శిక్షణ ఇచ్చే ఒకాయన పక్కన కూర్చున్నాను. ఓపికగా అంతా విన్నాడు. తర్వాత క్యాటలాగు తెరిచి లావు అక్షరాల మీద వేలు పెట్టాడు.

"గీ చెల్లెలు ముచ్చట రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

"గీ వాన ముచ్చట?"

"అదీ నేనే."

"ఇంకో నెల ఆగితే ఎగురుతదని సుత రాస్తవ్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంచి జోకు. ఇంకొకరి మీద వేస్తే నేనూ నవ్వేవాణ్ని.

మామ పిల్లను బరిలోకి తెచ్చాడు. పేజీలో తప్పుందని వేలంవాళ్లు చదివారు. ధర అడిగారు, తగ్గించి అడిగారు, ఇంకా తగ్గించారు. ఎవరి చేయీ లేవలేదు. ఇక తీసుకెళ్లమన్నాక కూడా మామ దాన్ని ఇంకో చుట్టు తిప్పాడు. ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని ఆయన ఆశ కాబోలు. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ముసలిదాన్ని తీసుకెళ్లడానికి ఆ ఆదివారం, బరాత్‌లో పెళ్లికొడుకుల్ని ఊరేగించే గుర్రాలు నడిపే మనిషి వచ్చాడు. వయసుతో అది తెల్లగా మారిపోయింది. అతనికి కావాల్సింది తెల్ల గుర్రమే. నేను ఐదు తరాల కాగితాలు ఇవ్వబోతే చదువురాదన్నట్టు చెయ్యి ఊపి, మామ వైపు తిరిగాడు.

"బ్యాండుకు బెదురుతదా?"

కంటోన్మెంటు వైపు తుపాకుల ప్రాక్టీసు జరుగుతుంటే గడ్డి నమలడం కూడా ఆపని గుర్రం అది.

"మస్తు బెదురుతది. పటాకులు పేలితే జనాల మీద పడ్తది" అన్నాడు మామ. ఆయన అబద్ధమాడడం నేను అంతకుముందు వినలేదు.

"తన్నుతుంది కూడా" అన్నాను నేను.

అతను మా ఇద్దర్నీ చూసి, దాని మెడ నిమిరాడు. అది కళ్లు సగం మూసి, అతని భుజం మీద గడ్డం ఆనించింది.

"అలవాటైతది తియ్యన్నా" అని తాడు కోసం చెయ్యి చాచాడు. మామ వెంటనే వదల్లేదు. అతను తొందరపెట్టలేదు. చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు.