గిటారుకు వైండింగు

ఆ రోజుల్లో మా వైపు ఇద్దరు రైతులు ఎదురుపడితే మొదటి మాట ‘బాగుండావా’ కాదు, ‘కరెంటుండాదా’. ఇంట్లో బల్బు వెలగడానికి ఒక కరెంటు, చేలో మోటారు తిరగడానికి త్రీఫేజు అని ఇంకో కరెంటు ఉండేవి. మొదటిది పోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. రెండోది ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో దానికే తెలియదు. వచ్చినా వోల్టేజి చాలక మోటారు కాలిపోయేది. కాలిన మోటారును ఎద్దులబండి మీద ఆళ్లగడ్డకు తీసుకుపోతే, వైండింగు షాపులో లోపలి రాగితీగ పీకేసి కొత్తది చుట్టి ఇచ్చేవాళ్లు. అందుకని నేను నంద్యాలలో డిగ్రీ చదువుతున్నా యంత్రాల గురించి నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. ఏది పనిచేయకపోయినా వైండింగు పోయిందని అర్థం. ఈ శాస్త్రం వల్ల ఒక మంచి మనిషికి చెడ్డపేరు వచ్చింది. అది ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయాలని ఇప్పుడు కూర్చున్నాను.

నంద్యాలలో వినాయక చవితి పందిట్లో ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే మనిషిని చూశాను. అతను తల విదిలించినప్పుడల్లా ముందు వరుసలో కాలేజీ ఆడపిల్లలు కళ్లార్పకుండా చూశారు. నాకు అప్పటికే జుట్టు ఉంది (ఉండేది). గిటారొక్కటే తక్కువనిపించింది. కొన్నాళ్లకు స్టేషను దగ్గర లాడ్జిలో ఇంకో ఆర్కెస్ట్రా చెదిరిపోయిందనీ, అందులో ఒకాయన గిటారు అమ్ముకుని ఊరికి పోవాలని చూస్తున్నాడనీ తెలిసి పరుగెత్తాను. కోస్తా మనిషి. ఊరికి రైలు టికెట్టు, దారి ఖర్చు ఇస్తే చాలన్నాడు. “ఇది పలకట్లేదు తమ్ముడూ, ముందే చెప్తున్నాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు” అని రెండుసార్లు చెప్పాడు కూడా. అంత నిజాయితీగా అమ్మేవాడు దొరకడమే అదృష్టమనుకుని కొనేశాను.

బస్సులో కండక్టరు ఆపాడు. “యేందప్పా అది?” అన్నాడు. కరెంటు గిటారన్నాను, గర్వంగా. “కరెంటా? షాకు కొడితే యెవురు పూచీ? టాపు మీద కట్టు పో” అన్నాడు. అలా ఆళ్లగడ్డ దాకా అది మేకపిల్లల గంప పక్కన ప్రయాణం చేసింది. ఇంటికి చేరగానే మా నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ప్రశ్న వేశాడు. “దీంతో నీళ్లొస్తాయా?” రావన్నాను. “అట్లయితే యేంటికి తెచ్చినావురా?” అని కొట్టంలోకి పోయాడు. రంగు వెలిసిపోయిందని ట్రాక్టరు ట్రాలీలకు పెయింటు వేసే ఆయనకిస్తే, ఎర్రరంగు కొట్టి, నడుమ తామరపువ్వు గీసి, వెనకవైపు ‘సౌండ్ హారన్’ అని రాసి తెచ్చాడు. “అలవాటుగా చెయ్యి పోయినాదప్పా” అన్నాడు. వెనకవైపు నా పొట్టకు ఆనుతుంది కదా అని సర్దుకున్నాను.

ఇక పలికించే పని మిగిలింది. ఆళ్లగడ్డలో రేడియోలు బాగుచేస్తూ, పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టే ఒకాయన ఉండేవాడు. అందరం రేడియో అన్న అనేవాళ్లం. ఆయన గిటారు అంచున ఉన్న రంధ్రంలోకి తొంగిచూసి, అక్కడ తెగిన తీగకు టంకం పెట్టి, “అయిపాయ. ఇంతే దీని జబ్బు. మీ చిన్నాయన కూతురి పెండ్లికి నా మైకుసెట్టే గదా, ఆ పొద్దు మిషనుకు తగిలించి చూద్దాం. అంతదంకా దాన్ని ఇప్పాకు” అన్నాడు. విప్పొద్దన్నది విన్నాను. మిషనుకు తగిలిస్తేనే పలుకుతుందన్నది మాత్రం నా బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చి మీటితే దోమ గీపెట్టినంత శబ్దం వచ్చింది. కరెంటు గిటారు శబ్దం పెంచే మిషను లేకుండా అంతే పలుకుతుందని నాకు చెప్పేవాళ్లెవరు? రేడియో అన్నకు అసలు జబ్బు దొరకలేదని తీర్మానించుకున్నాను. తీగల కింద ఉన్న నల్లటి పెట్టె మరలు విప్పితే, లోపల వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టి ఉంది. నా గుండె ఉప్పొంగింది. వైండింగు!

దాన్ని రుమాల్లో చుట్టుకుని మా నాయనకు ఖాతా ఉన్న వైండింగు షాపుకే పోయాను. షాపు మామ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఎన్ని హెచ్‌పీ మోటారప్పా ఇది?” అన్నాడు. గిటారుదన్నాను. “యాదైతేనేం, తీగ తీగేలే” అని బ్లేడుతో ఒక్క కోత కోసి పాత తీగంతా పెరికేశాడు. “ఇంత సన్నంది నాతాన యాడుంటాది? టేబుల్ ఫ్యానుది ఉండాది, సుట్టమంటావా?” చుట్టమన్నాను. పట్టినన్ని చుట్లు చుట్టి, వార్నిషులో ముంచి, రెండు పెద్ద మోటార్ల మధ్య ఎండలో ఆరబెట్టాడు. తండ్రుల మధ్య పసిబిడ్డలా ముద్దుగా కనిపించింది నాకు. ఇంటికొచ్చి యథాస్థానంలో బిగించాను. రేడియో అన్నకు చెప్పలేదు. చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. తిడతాడని భయపడ్డాను, అంతే.

పెళ్లిరోజు మధ్యాహ్నం మగవాళ్ల పంక్తి కూర్చుంది. పప్పు వడ్డించారు. ఎర్రచొక్కా తొడుక్కుని, ఎర్ర గిటారు తగిలించుకుని, కళ్లు మూసుకుని మీటాను. ఏమీ రాలేదు. రేడియో అన్న మొహం ముడుచుకుని మిషను మీద బిరడా తిప్పాడు. “ఇంకా పెంచన్నా” అన్నాను. “యేందప్పా ఇది, బాగనే చేసింటిని గదా” అంటూ చివరిదాకా తిప్పేశాడు. చేల గట్టున వేపచెట్టుకు కట్టిన మైకులోంచి ‘గుయ్య్య్’ మని ఒక మోత మొదలైంది. అచ్చం బావి మోటారు నీళ్లు పట్టుకున్న మోత.

పంక్తిలో ఒక పెద్దాయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. “ఒరే, మోటారు మోగుతాంది!” అన్నాడు. “త్రీఫేజొచ్చినాదప్పో!” అని ఇంకెవరో అరిచారు. అంతే. విస్తళ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి, మనుషులు లేరు. ఎంగిలి చేతులతో పంచెలు ఎగగట్టి తలా ఒక గట్టు పట్టుకుని పరుగెత్తారు. అందరికంటే ముందు మా నాయన. ఇది చూసి మగపెళ్లివాళ్లు నిర్ఘాంతపోయారు. పెళ్లికొడుకు మేనమామ లేచి నిలబడి, “విందులో నుంచి లేసిపోతారా? మేమేం తప్పు మాట్లాడినామప్పా?” అని కండువా దులిపాడు. ఆయన వెంట వాళ్ల పంక్తీ లేచింది. మా చిన్నాయన వాళ్ల చేతులు పట్టుకుని బతిమాలుతుంటే నేను కళ్లు తెరిచాను. (అప్పటిదాకా నా వాయిద్యానికి జనం మైమరచిపోయారనుకుంటున్నాను.)

కాసేపటికి మా వాళ్లంతా “యే ఫేజూ లేదు, యేమీ లేదు” అనుకుంటూ తిరిగొచ్చారు. సంగతి తెలిసి మగపెళ్లివాళ్లు నవ్వేసి మళ్లీ కూర్చున్నారు. కానీ చిన్నాయన కోపం చల్లారలేదు. “యెవుడ్రా దీన్ని బాగు చేసింది?” అన్నాడు. నేను “రేడియో అన్న” అన్నాను. ఆయన బాగు చేసిన మాట నిజమే. తర్వాత నేను చెడగొట్టిన మాట చెప్పలేదు. రేడియో అన్న తలవంచుకుని వైర్లు చుట్టుకున్నాడు. వారం తిరక్కుండా ఆయన పేరు ‘త్రీఫేజన్న’ అయింది. మైకు కట్టడానికి పోతే, “అన్నా, మోటారేసుకోమంటావా?” అని ఎగతాళి. పెళ్లిళ్లకు పిలవడం తగ్గింది. చివరికి దుకాణం ఎత్తేసి నంద్యాలకు పోయాడు. నేనూ నలుగురితోపాటు త్రీఫేజన్న అనే అన్నాను. అనకపోతే అనుమానం వస్తుందని.

మొన్న నంద్యాలలో వెతుక్కుంటూ ఆయన ఇంటికి పోయాను. వరండాలో కూర్చుని ఉన్నాడు. వైండింగు సంగతంతా చెప్పాను. ఆయన లోపలికి తిరిగి, “వింటివేమే? ఆ పొద్దు నా టంకం తప్పు కాదంట!” అని కేకేశాడు. ఇన్నేళ్లూ అది తన చేతి తప్పనే నమ్మి, ఆ తర్వాత ఎవరి వాయిద్యమూ ముట్టుకోలేదట. తిట్టి ఉంటే బాగుండుననిపించింది నాకు.

లోపలినుంచి వదిన టీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, “నిజం చెప్పు. అది సరిగ్గా పలికింటే, నీకు వాయించేకి వస్తాండెనా?” అని అడిగాడు. ఎర్రరంగు వేయించాను, వైండింగు చేయించాను, చొక్కా కుట్టించాను గానీ, నేర్చుకోవాలన్న ఆలోచన నాకు రాలేదని ఆ ప్రశ్న వినేదాకా నాకే తెలియదు. “రాదన్నా” అన్నాను. “ఒగ పాట గూడా?” “ఒగటి గూడా.” ఆయన టీ ఒలికేలా నవ్వాడు. “అట్లయితే మోటారు మోతే మేలప్పా” అన్నాడు. లేవబోతుంటే మాత్రం నవ్వకుండా చెయ్యి పట్టుకున్నాడు. “ఈడ చెప్తే యేమొస్తాది? ఆళ్లగడ్డలో చెప్పు.”

అందుకే ఇది రాశాను. ఆళ్లగడ్డ పెద్దలారా, ఆయన పేరు రేడియో అన్న. త్రీఫేజన్నను నేను. జుట్టు లేదు గానీ, ఇకమీదట ఆ పేరుతో పిలిస్తే నేనే పలుకుతాను.