కొలతలక్క ఖాతా

కృత్రిమ కాళ్లు చేసే ఆ వర్క్‌షాపులో అందరూ ఆమెను కొలతలక్క అనేవారు. వచ్చినవాళ్లను బల్లమీద కూర్చోబెట్టి, తెగిన కాలి చుట్టూ టేపు చుట్టి, బాగున్న రెండో కాలిని స్కాన్ చేసేది. ఆ బొమ్మను అద్దంలోలా తిరగేసి కొత్త కాలికి అచ్చు తీసేవారు. పందొమ్మిదేళ్లు ఆమె చేసిన పని అదే. మొదట్లో కొలతలు పుస్తకాల్లో ఉండేవి. తర్వాత యజమాని అన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించమన్నాడు. అక్కడైతే ఎలుకలు కొరకవు, వాన తడపదు అన్నాడు. ఆమె తన పేరుమీదున్న ఖాతాలోకి ఒక్కొక్కటే ఎక్కించింది. పుస్తకాలు పాత కాగితాలవాడు పట్టుకుపోయాడు.

మోకాళ్లు పట్టేసి ఆమె పని మానుకుంది. “ఊళ్లోవాళ్లందర్నీ నడిపించి నువ్వు కూలబడ్డావే” అని చెల్లెలు నవ్వింది.

మానేసిన ఐదో నెలలో యజమాని ఫోన్ చేశాడు.

“అక్కా, మీ ఫైళ్లు ఎక్కడ పెట్టారు?”

“ఎక్కడేంటి, క్లౌడ్‌లోనే ఉన్నాయిగా.”

“మీరు మానేశాక ఇంకెవరు వాడతారులే అని మీ ఖాతా తీసేయించాను. ఖాతాతోపాటు ఫైళ్లూ పోతాయని నాకు తెలీదక్కా. ముప్పై రోజుల్లోపు అడిగితే క్లౌడ్ కంపెనీవాళ్లు తెచ్చిచ్చేవాళ్లట. ఇప్పుడు వాళ్లకీ దొరకవట. ‘వేరేచోట కాపీ పెట్టుకోవాల్సింది మీరే కదండీ’ అంటున్నారు.”

ఆమె సరే అని ఫోన్ పెట్టేసింది. పొయ్యిమీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడింది. చెల్లెలు పరుగున వచ్చి మంట ఆపింది.

“ఏమైందే?”

“ఏం లేదు. కొలతలు పోయాయి.”

ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

మర్నాడు వర్క్‌షాపుకు వెళ్లి, పాత కుర్చీలో కూర్చుని కంప్యూటర్లో తన పేరు కొట్టింది. అలాంటివారెవరూ లేరని వచ్చింది. మళ్లీ కొట్టింది. అదే జవాబు.

ఆ పూటే ఒక వడ్రంగి చక్రాల కుర్చీలో వచ్చాడు. ఆరేళ్ల కిందట అతని ఎడమకాలు పోతే, కుడికాలిని స్కాన్ చేసి కొత్తది చేయించింది ఆమే. ఇప్పుడు షుగరు కుడికాలినీ తినేసింది.

“నా కుడికాలి కొలత మీ దగ్గర భద్రంగా ఉందిగా అక్కా. అలాగే చేసేయండి.”

“లేదు. పోయింది” అందామె.

అతను ఎడమవైపు పట్టీలు విప్పి కృత్రిమ కాలును బల్లమీద పెట్టాడు.

“ఇది దాన్ని చూసి చేసిందేగా? దీన్ని తిరగేస్తే రాదూ?”

వస్తుంది. మడమ అరిగింది, వేళ్ల దగ్గర చెక్కులు లేచాయి, అయినా వస్తుంది. ఆమె దాన్ని తుడిచి స్కాన్ చేసింది. అతను అదృష్టవంతుడినన్నాడు. ఆమె తల ఊపింది.

ఆ సాయంత్రమే యజమాని వేరే డిస్కు తెచ్చాడు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అన్ని ఖాతాల్లోని ఫైళ్లనూ అందులోకి దించి తన ఇంట్లో పెడుతున్నాడు. నెలకోసారి ఒక ఫైలు తెరిచి సరిగ్గా వచ్చిందో లేదో చూసే పని, మళ్లీ పనిలో చేరిన ఆమెది. మిగతా రోజుల్లో బిల్లు పుస్తకాల్లోని నంబర్లు చూసి, పాతవాళ్లకు ఫోన్లు చేసి కొలతలకు మళ్లీ రమ్మంటుంది. కొన్ని నంబర్లు పనిచేయవు. కొందరి ఇళ్లలో వేరేవాళ్లు ఎత్తి, ఆయన పోయారండీ అంటారు. ఆ పేరు పక్కన గీత పెట్టి, ఆమె తర్వాతి నంబరు నొక్కుతుంది.