వణకని వీడియో

2019 మార్చి 6, బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మొదలుపెట్టాం. దేవరకొండ దగ్గరి మా ఊరు రిజర్వాయరులో మునగబోతోంది. ఇళ్లు కూల్చేలోపు మా వీధిని వీడియో తీయాలనుకున్నాను. తమ్ముడు ఫోన్‌ను మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు కట్టి చూశాడు. బొమ్మంతా వణికింది.

"అక్కా, ఎనక కూసొని గుండెకు ఆనించి పట్టుకో. కుదుపు నీ పెయ్యిలనే ఆగుతది."

"నేనేమన్న స్ప్రింగునారా?"

చీరకట్టుతో ఎప్పటిలాగే రెండు కాళ్లూ ఎడమవైపు వేసుకుని కూర్చుని, ఫోన్‌ను గుండెకు ఆనించుకున్నాను. వీధి దాటి అటే, ముంపు వాళ్లకిచ్చిన కొత్త కాలనీకి వచ్చేశాం. సాయంత్రం వీడియో చూశాం.

"జర గూడ వణకలే!" అని తమ్ముడు మురిశాడు.

"మనిల్లేదిరా?"

మా ఇల్లు కుడివైపు. మర్నాడు పోయేసరికి వీధంతా నేలమట్టమైంది.

ఎడమవైపు పంతొమ్మిది ఇళ్లు ఫోన్‌లో ఉన్నాయి. కుడివైపు ఇరవై రెండు పోయాయి, మాదానితో కలిపి.